బంటు మనిషైన వేళ

చదరంగంలో బంటు పోతే ఎవరూ కంటతడి పెట్టరు. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడిన కాయకు పేరైనా ఉండదు. మరి ఆ కాయకు ఒక పేరు, ఒక గతం, పోతుందేమోనన్న బెంగ ఎప్పుడు వచ్చాయి?

1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యుద్ధక్రీడాభిమాని ‘బ్రౌన్‌స్టైన్’ అనే ఆట నడిపాడు. నెపోలియన్ కాలపు కల్పిత జర్మన్ పట్టణం అందులో రంగస్థలం. ఆటగాళ్ళలో కొందరికి సైన్యాలకు బదులు మనుషులను అప్పగించాడు: ఒకరు నగరాధ్యక్షుడు, ఒకరు బ్యాంకరు, మరొకరు విశ్వవిద్యాలయ కులపతి. ఎవరి ప్రయోజనం వారిది.

ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971లో ‘బ్లాక్‌మూర్’ ప్రారంభించాడు. అసలు మలుపు ఇక్కడే ఉంది. తొలుత ఒక్క వేటుకే వీరుడు నేలకూలేవాడు. అయితే ఆటగాళ్ళు తమ వీరులపై మమకారం పెంచుకున్నారు. అంత సులువుగా వదులుకోలేకపోయారు. అందుకని ఉక్కుకవచపు యుద్ధనౌకల ఆట నుండి ఒక లెక్క తెచ్చుకున్నానని ఆర్నెసన్ తరువాత చెప్పాడు. నౌక మునిగేలోపు ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే ఆ లెక్కే మనిషికి ప్రాణబలమైంది. బతికి బయటపడినవాడు అనుభవంతో ఎదగసాగాడు.

1974లో గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్‌ల పేరిట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడు చిన్న పుస్తకాలుగా వెలువడింది; తొలి ముద్రణ 1000 ప్రతులు. బలం, బుద్ధి, వివేకం, దేహదార్ఢ్యం, చురుకుదనం, ఆకర్షణ అనే ఆరు గుణాలకూ మూడేసి పాచికలు వేసేవారు. 3 పడినా 18 పడినా, దానితోనే బతకాలి.

ఆ విధిలిఖితంతో తరువాతివారు తృప్తిపడలేదు. 1977 నాటి ‘ట్రావెలర్’లో పాత్రకు ముందే ఒక జీవితం ఉంటుంది. పద్దెనిమిదేళ్ళకు కొలువులో చేరి, నాలుగేళ్ళ చొప్పున గడిపి, నేర్పులు సంపాదిస్తుంది. పాచిక వికటిస్తే ఆట మొదలు కాకముందే మరణిస్తుంది! 1978లో ‘రూన్‌క్వెస్ట్’ వాడిన విద్యే వృద్ధి చెందుతుందన్నది. 1981లో ‘ఛాంపియన్స్’ పాచికలను పక్కకు నెట్టి, ఇచ్చిన అంకెల మూలధనంతో శక్తులను కొనుక్కోమన్నది. లోపాలను ఒప్పుకుంటే మరికొంత ధనం ఇచ్చింది.

పుట్టుక, గతం, సాధన, ఎంపిక. మనిషిని మనిషిగా మలిచేది ఏది అన్న ప్రశ్నకు ఇవి నాలుగు జవాబులు. పన్నెండేళ్ళలో ఆటగాళ్ళు ఇంత దూరం వచ్చారు. అన్నింటికీ మూలం మాత్రం ఆ మొదటి మమకారమేనని నాకనిపిస్తుంది. తమ వీరుడు ఒక్క వేటుకే పోవడానికి మిన్నెసోటాలో కొందరు ఒప్పుకోలేదు. కాయ ఆనాడే మనిషైంది.