పారిస్‌లో వేరుశనగ, పవర్‌గూడలో కానుగ

1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ నడుస్తున్న యంత్రాల్లో ఓ చిన్న డీజిల్ ఇంజన్ కూడా ఉంది. రాతినూనె కోసం తయారైన ఆ ఇంజన్‌లో ఏ మార్పూ చేయకుండా వేరుశనగ నూనె పోసి నడిపారు. అది సాఫీగానే నడిచింది. ఈ సంగతి గమనించినవాళ్లు కొద్దిమందేనని ఆ ఇంజన్‌ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1912లో రాశాడు.

ఆ ప్రయోగం ఫ్రెంచి ప్రభుత్వ ఆలోచన. ఆఫ్రికాలోని తన వలస రాజ్యాల్లో వేరుశనగ విరివిగా పండుతుంది కాబట్టి, బొగ్గునో రాతినూనెనో ఓడల్లో తెప్పించుకోకుండా అక్కడి పంటతోనే ఇంజన్లు నడపాలనుకుంది. 1913లో డీజిల్ ఇంగ్లిష్ చానల్ దాటుతూ ఓడ మీంచి అదృశ్యమయ్యాడు. చవగ్గా దొరికే రాతినూనె ముందు నూనెగింజలు నిలవలేదు. చివరికి ఆయన పేరు కూడా ఆ రాతినూనెకే స్థిరపడింది.

గింజల నూనె చిక్కన. దాన్ని ఆల్కహాల్‌తో చర్య జరిపి, గ్లిజరిన్‌ను విడదీసి పలచన చేసే పద్ధతికి 1937లో బెల్జియంలో శావాన్ అనే శాస్త్రవేత్త పేటెంట్ తీసుకున్నారు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కు పామాయిల్‌ ఇంధనంతో బస్సు నడిచింది. ఈనాటి బయోడీజిల్‌కు మూలం అదే.

మన కానుగ కథ అంతకన్నా పాతది. కరెంటు రాకముందు ఎన్నో ఊళ్లలో కానుగ నూనెతోనే దీపం పెట్టేవారు. ఎండిన కానుగ కాయ బల్లపరుపుగా, చివర చిన్న ముక్కుతో ఉంటుంది. కర్రతో కొడితే పగిలి, ఎర్రమట్టి రంగు గింజ బయటపడుతుంది. నలిపితే వేళ్లకు జిడ్డు, ముక్కుకు ఘాటు. నూనె చేదు కనుక వంటకు పనికిరాదు. అందుకే కూటికీ ఇంధనానికీ పోటీ రాదు. గానుగాడగా మిగిలిన చెక్క చేనికి ఎరువవుతుంది.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని గిరిజన గూడెం పవర్‌గూడ. అక్కడి పొదుపు సంఘాల మహిళలు 2002లో 4,500 కానుగ మొక్కలు నాటారు. ఊళ్లోనే నూనె మిల్లు పెట్టుకున్నారు. పదేళ్లలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్‌కు బదులు వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్క తేలింది. వాషింగ్టన్‌లో తాను జరిపిన ఓ సదస్సు వల్ల వెలువడిన కాలుష్యానికి పరిహారంగా, 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ తగ్గుదలను 645 డాలర్లకు కొన్నది. చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బనే నూనె కాలినప్పుడు తిరిగి గాలిలో కలుస్తుంది. డీజిల్ కాలిస్తే కోట్ల ఏళ్లు భూగర్భంలో దాగిన కార్బన్ కొత్తగా పైకొస్తుంది. ఆ తేడాకే ఆ ధర.

అదే రోజుల్లో దేశమంతా అడవి ఆముదం మీద ఆశ పెట్టుకుంది. 2009 జీవ ఇంధన విధానం 2017 నాటికి డీజిల్, పెట్రోల్‌లలో 20 శాతం జీవ ఇంధనం కలపాలంది. నీటి తడి లేని బీళ్లలో ఆ చెట్లు అనుకున్నంత కాపు కాయలేదు. లక్ష్యం అందలేదు. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నాం. దానికి చెరకు, మొక్కజొన్న, బియ్యం కావాలి. వాటికి నీళ్లూ కావాలి.

పారిస్ ఇంజన్ వెనుక ఉన్నది పాలకుల లెక్క. అందులో వేరుశనగ పండించేవాళ్ల మాట లేదు. పవర్‌గూడలో నాటిన చేతికే పైకం అందింది. జీవ ఇంధనం గురించి ఎవరే పథకం చెప్పినా నేను మొదట అడిగేది ఇదే: గింజ ఏరేవాళ్లకు ఏం మిగులుతుంది?