2001 (డాక్టర్ డ్రే ఆల్బమ్)

‘2001’ అమెరికన్ ర్యాపర్, సంగీతకర్త డాక్టర్ డ్రే రెండో సోలో ఆల్బమ్. 1999 నవంబరు 16న ఆఫ్టర్‌మాత్, ఇంటర్‌స్కోప్ సంస్థలు దీన్ని విడుదల చేశాయి. మొత్తం 22 ట్రాకులు, నిడివి సుమారు 68 నిమిషాలు. అమెరికా పశ్చిమ తీరపు హిప్ హాప్‌ను ధ్వనిలో కొత్త దారి పట్టించిన రికార్డుగా దీనికి పేరు. పాటల్లోని మాటలు మాత్రం ఆ స్థాయిని అందుకోలేదన్న విమర్శ కూడా మొదటి నుంచీ ఉంది. ఆ మెప్పూ న్యాయమైనదే, ఈ విమర్శా న్యాయమైనదే. రెండింటికీ కారణం ఈ ఆల్బమ్ తయారైన పద్ధతిలోనే ఉంది.

నేపథ్యం

డ్రే అసలు పేరు ఆండ్రే యంగ్. 1965 ఫిబ్రవరి 18న పుట్టాడు. లాస్ ఏంజెలస్‌ను ఆనుకుని ఉన్న కాంప్టన్‌లో పెరిగాడు. ఎన్.డబ్ల్యు.ఎ. బృందానికి సంగీతం సమకూర్చి పేరు తెచ్చుకున్నాడు. డెత్ రో సంస్థ నుంచి 1992 డిసెంబరులో వచ్చిన తొలి సోలో ఆల్బమ్ ‘ది క్రానిక్’ ఆయన్ని అగ్రశ్రేణిలో నిలబెట్టింది. 1996లో డెత్ రోతో తెగతెంపులు చేసుకుని ఆఫ్టర్‌మాత్ స్థాపించాడు. కొత్త సంస్థకు తొలి అడుగులు కలిసిరాలేదు. అదే ఏడాది తెచ్చిన సంకలనం చప్పగా పోయింది. నాస్, ఫాక్సీ బ్రౌన్ వంటివారితో 1997లో వచ్చిన ‘ది ఫర్మ్’ ఆల్బమ్ కూడా ఆశలను నిలబెట్టలేదు. డ్రే పని అయిపోయిందన్న మాట గట్టిగానే వినిపించింది. 1999 ఫిబ్రవరిలో ఆఫ్టర్‌మాత్ తెచ్చిన ర్యాపర్ ఎమినెం ఆల్బమ్ ‘ది స్లిమ్ షేడీ ఎల్‌పీ’ విజయంతో సంస్థ నిలదొక్కుకుంది. డ్రే మీద ఉన్న అనుమానం మాత్రం తొలగలేదు. ‘2001’లో పాట తర్వాత పాట ఆ అనుమానానికే జవాబు చెబుతుంది.

ఆల్బమ్‌కు మొదట అనుకున్న పేరు ‘క్రానిక్ 2000’. అయితే పాత సంస్థ డెత్ రో 1999లోనే ఆ పేరుతో ఒక సంకలనం విడుదల చేసింది. దాంతో డ్రే తన రికార్డుకు ‘2001’ అని పేరు మార్చాడు.

ధ్వని

ర్యాప్‌లో ప్రొడ్యూసర్ అంటే పెట్టుబడి పెట్టేవాడు కాదు. బీట్ కట్టి, వాద్యాలు కూర్చి, పాటకు రూపమిచ్చే సంగీత దర్శకుడు. ‘2001’లో ఆ పనిని డ్రే ఎక్కువగా మెల్-మ్యాన్‌తో కలిసి చేశాడు. వారికి తోడుగా కీబోర్డు మీద స్కాట్ స్టార్చ్, కమారా కాంబన్, బేస్ గిటార్ మీద మైక్ ఎలిజాండో ఉన్నారు. ర్యాప్ ప్రొడ్యూసర్లలో చాలామంది పాత రికార్డు ముక్కను కోసి నేరుగా వాడుకుంటారు. నచ్చిన బాణీని తన వాద్యకారులతో స్టూడియోలో మళ్లీ వాయించుకోవడం డ్రేకు ఇష్టమైన పద్ధతి. అప్పుడు ప్రతి వాద్యం విడిగా చేతికొస్తుంది. ఏది ఎంత గట్టిగా వినపడాలో, ఏది ఎక్కడ ఆగాలో తానే నిర్ణయించవచ్చు. ఈ ఆల్బమ్‌లో డ్రమ్ దెబ్బ, బేస్, గొంతు ఒకదాని మీదొకటి పడకుండా వినిపిస్తాయంటే అందుకు ఈ పద్ధతీ, మిక్సింగ్‌లో డ్రే చూపిన పట్టుదలా కారణాలు.

‘ది క్రానిక్’ ఆల్బమ్ డెబ్బైల నాటి ఫంక్ సంగీతంలో మునిగి తేలింది. సాగదీసిన సింథసైజర్ కూతలు, బరువైన బేస్ దాని గుర్తులు. ‘2001’లో ఆ సమృద్ధిని డ్రే కావాలనే వదిలేశాడు. పొడి పియానో, తంత్రీ వాద్యాల చిన్న మీటులు, గట్టి స్నేర్ డ్రమ్, మధ్యలో బోలెడంత ఖాళీ మిగిలాయి. ‘స్టిల్ డి.ఆర్.ఇ.’ ఇందుకు ఉత్తమ ఉదాహరణ. స్టార్చ్ వాయించిన పియానో కార్డులు ఎనిమిది, మూడు, ఐదు దెబ్బలుగా పడతాయి. నిమిషానికి సుమారు 93 బీట్ల నడకలో అదే వరస పాట పొడవునా తిరుగుతుంది. ఇంత తక్కువ సరుకుతో నాలుగున్నర నిమిషాలు విసుగు రాకుండా నడపడం కష్టం. తంత్రులు ఎప్పుడు వచ్చి చేరాలో, బేస్ ఎప్పుడు తప్పుకోవాలో తెలిసిన చెవికే అది సాధ్యం.

పాత పాటల్లో వెతుక్కున్న చోట కూడా ఆ చెవి కనిపిస్తుంది. ‘ది నెక్స్ట్ ఎపిసోడ్’ ఆరంభంలో మోగే గిటార్, బాకాలు నటుడు డేవిడ్ మెకాలమ్ పేరిట 1967లో వచ్చిన ‘ది ఎడ్జ్’ అనే వాద్య రచనవి. దాన్ని కూర్చినవాడు డేవిడ్ ఆక్సెల్‌రాడ్. ‘వాట్స్ ది డిఫరెన్స్’లో ఉరికే బాకాల మూలం ఫ్రెంచ్ గాయకుడు చార్లెస్ అజ్నవూర్ పాట. ‘మర్డర్ ఇంక్’ పియానో ‘హాలోవీన్’ భయానక చిత్రం నుంచి వచ్చింది. ‘ఎక్స్‌ప్లోసివ్’కు ఆధారం ‘షాఫ్ట్’ చిత్రానికి ఐజక్ హేస్ కట్టిన బాణీ. ఈ పాట డ్రమ్ములు తన తొలినాళ్ల శైలికి పునాది అయ్యాయని ర్యాపర్ కాన్యే వెస్ట్ తర్వాత బాహాటంగా చెప్పాడు.

మాటలు లేకుండా కేవలం బీట్లతో ఈ ఆల్బమ్ వాద్య రూపం కూడా విడిగా అమ్మకానికి వచ్చింది. దాన్ని వింటే లోటు తెలియదు. కొన్ని ట్రాకులైతే అలాగే మెరుగు.

మాటలు

పాట రాసేవారు ఒకరు, పాడేవారు మరొకరు కావడం మన సినిమా శ్రోతకు కొత్త కాదు. ర్యాప్‌లో మాత్రం తన మాట తానే రాసుకోవడం పరువుకు సంబంధించిన విషయం. డ్రే ఆ పట్టింపు పెట్టుకోలేదు. ‘స్టిల్ డి.ఆర్.ఇ.’ని న్యూయార్క్ ర్యాపర్ జే-జీ రాశాడు. ‘ఫర్‌గాట్ అబౌట్ డ్రే’లో డ్రే పలికే చరణాలు ఎమినెం రాసినవి. ‘ది మెసేజ్’ను రాసింది డెట్రాయిట్ ర్యాపర్ రాయిస్ డా ఫైవ్ నైన్. పాత మిత్రుడు డి.ఓ.సి., కొత్తవాడు హిట్‌మ్యాన్ కూడా కలం సాయం చేశారు. వాద్యకారులను పిలిపించినట్టే రచయితలనూ పిలిపించుకున్నాడు. కాకపోతే వాద్యానికి పెట్టిన పరీక్ష మాటకు పెట్టలేదు. శబ్దంలో ఒక్క పొల్లు పోనివ్వని మనిషి, మాటల దగ్గరికొచ్చేసరికి వచ్చినదాన్ని వచ్చినట్టే తీసుకున్నాడు.

డ్రే జీవితాన్ని చూసి రచయిత రాసిన చోట పాట నిలబడింది. ‘ది వాచర్’లో ముప్పైలు దాటిన మనిషి తాను వదిలి వచ్చిన వీధినీ, కొత్త కుర్రాళ్లనూ, పోలీసులనూ, తన మీద పడుతున్న కళ్లనూ గమనిస్తుంటాడు. అరుపు లేదు, బెదిరింపు తక్కువ, అలసట ఎక్కువ. బేస్ కూడా ఆ అలసటకు తగ్గట్టే నడుస్తుంది. ‘ఫర్‌గాట్ అబౌట్ డ్రే’లో ఎమినెం తన పదాల వేగాన్ని డ్రే నోట పెట్టాడు. డ్రే మరెక్కడా అంత చురుగ్గా పలకలేదు. చివరి ట్రాకు ‘ది మెసేజ్’ 1989లో వీధి గొడవలో చనిపోయిన తమ్ముడు టైరీకి నివాళి. ప్రొడ్యూసర్ లార్డ్ ఫినెస్ సంగీతం సమకూర్చగా గాయని మేరీ జె. బ్లైజ్ పల్లవి పాడింది. ఆల్బమ్ అంతటిలోనూ డ్రే గుండెకు దగ్గరైన ఈ పాట వేరొకరు రాసినదే. అయినా ఇందులో ఒక్క మాట కూడా అరువు తెచ్చుకున్నట్టు అనిపించదు. రాసే చెయ్యి ఎవరిదన్నది అసలు సమస్య కాదనడానికి ఈ పాట చాలు.

మధ్యలోని ట్రాకుల్లోనే సమస్య. దాదాపు పదింటిలో హిట్‌మ్యాన్ గొంతు వినిపిస్తుంది. పలుకు శుభ్రం, లయ తప్పదు, కానీ చెప్పే సంగతి ఒక్కటే: మత్తు, డబ్బు, తుపాకీ, అమ్మాయిలు. ‘బ్యాంగ్ బ్యాంగ్’ తుపాకీ సంస్కృతిని తప్పుపడుతుంది. అదే ఆల్బమ్‌లోని ‘మర్డర్ ఇంక్’ హత్యను వినోదంగా చూపిస్తుంది. ఒకే మనిషిలో రెండు మనసులు ఉండొచ్చు, ఆ ఘర్షణను పాటగా మలచవచ్చు. ఇక్కడ అలాంటి ప్రయత్నమే లేదు.

స్త్రీల గురించిన మాటలు ఇంకా దిగజారినవి. ‘హౌస్‌వైఫ్’ వంటి పాటల్లోనూ, వాటి మధ్య వచ్చే అశ్లీల సంభాషణల్లోనూ ఆడవాళ్లకు వ్యక్తిత్వమే ఉండదు. అది ఆనాటి గ్యాంగ్‌స్టా ర్యాప్ రివాజు అని సర్దుకుపోవడం కుదరదు. 1991లో టీవీ వ్యాఖ్యాత డీ బార్న్స్‌పై జరిగిన దాడి కేసులో డ్రే తన మీది అభియోగాన్ని కోర్టులో ఎదిరించలేదు. తాను బాధపెట్టిన స్త్రీలకు 2015లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ చరిత్ర తెలిసినవారికి ఈ పాటల్లోని మాటలు కేవలం నటనగా వినిపించవు.

హక్కుల తగాదాలు

ఆల్బమ్ మొదట్లో వచ్చే ‘లోలో’లో సినిమా హాళ్లలో మోగే టీహెచ్‌ఎక్స్ ధ్వనిని పోలిన శబ్దం ఉంది. దాని మీద ఆ ధ్వని హక్కుదారు లూకస్‌ఫిల్మ్ 2000లో దావా వేసింది. ‘లెట్స్ గెట్ హై’లోని బేస్ వరస ఫ్యాట్‌బ్యాక్ బృందం పాటదని 2003లో అమెరికన్ జ్యూరీ తేల్చి, 15 లక్షల డాలర్లు చెల్లించాలంది.

ఆదరణ

తొలి వారంలో 5,16,000 ప్రతులు అమ్ముడై ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 పట్టికలో రెండో స్థానంలో చేరింది. అదే రోజు విడుదలైన కార్న్ బృందం ‘ఇష్యూస్’ మొదటి స్థానం దక్కించుకుంది. ఏడాది తిరిగేసరికి ‘2001’ అమ్మకాలకు అమెరికాలో ఆరు రెట్లు ప్లాటినం గుర్తింపు వచ్చింది. సింగిల్స్‌గా ‘స్టిల్ డి.ఆర్.ఇ.’, ‘ఫర్‌గాట్ అబౌట్ డ్రే’, ‘ది నెక్స్ట్ ఎపిసోడ్’ విడుదలయ్యాయి. బిల్‌బోర్డ్ హాట్ 100లో ఇవి వరుసగా 93, 25, 23 స్థానాలకు చేరాయి. అన్నింటికన్నా కింద నిలిచిన మొదటిదే తర్వాతి కాలంలో ప్రపంచమంతా పాకింది. ‘ఫర్‌గాట్ అబౌట్ డ్రే’ 2001లో గ్రామీ గెలిచింది. అదే వేడుకలో డ్రే ఆ ఏటి ఉత్తమ ప్రొడ్యూసర్‌ అయ్యాడు. గ్రామీ వారు మెచ్చింది కూడా అతనిలోని సంగీతకర్తనే.

2022 ఫిబ్రవరి 13న అమెరికన్ ఫుట్‌బాల్ తుది పోటీ సూపర్ బౌల్‌లో డ్రే పాల్గొన్న విరామ ప్రదర్శన ‘ది నెక్స్ట్ ఎపిసోడ్’తో మొదలై ‘స్టిల్ డి.ఆర్.ఇ.’తో ముగిసింది. డ్రే మూడో ఆల్బమ్ ‘కాంప్టన్’ వచ్చింది 2015లో, అంటే దాదాపు పదహారేళ్ల తర్వాత. అందులో రచన మెరుగుపడింది, కానీ బీట్లు ‘2001’ అంతటి ముద్ర వేయలేదు.

ఈ ఆల్బమ్‌ను కొత్తగా వినబోయేవారు ‘ది వాచర్’, ‘స్టిల్ డి.ఆర్.ఇ.’, ‘ఫర్‌గాట్ అబౌట్ డ్రే’, ‘ది మెసేజ్’ మాటలతో సహా వినాలి. మిగతావాటికి వాద్య రూపం చాలు. బేస్ సరిగా పలికే స్పీకర్లు మాత్రం తప్పనిసరి.