వాయువేగ ప్రయాణము

కడప జిల్లా వేంపల్లెకు చేరువనున్న గండి క్షేత్రమున పాపఘ్నీనది కొండను చీల్చుకొని ప్రవహించును. అచ్చట వాయుదేవుడు తపమొనర్చెనని స్థలపురాణము. వాయువేగ మనోవేగముల కథలు విని పెరిగిన మనకు, ధ్వనిని ఐదింతలు మించు ప్రయాణికుల విమానము వచ్చునా యను ప్రశ్న వింతగా తోపదు. దీనికి చరిత్ర ఏమి బదులు చెప్పునో విచారింతము.

ధ్వనికి ఐదింతలనగా గంటకు సుమారు 6,000 కిలోమీటర్లు. ఆ వేగమును మానవుడు ఎన్నడో అందుకొనెను. 1967 అక్టోబరులో అమెరికావారి ఎక్స్-15 రాకెట్టు విమానము ధ్వనికి 6.7 రెట్ల వేగమున ఎగిరినది. కాని అందు కూర్చున్నవాడు చోదకు డొక్కడే.

ప్రయాణికుల వేగమునకు కాంకార్డు విమానమే నిదర్శనము. అది ధ్వనికి రెండు రెట్ల వేగమున పోయెడిది. 1976 జనవరిలో లండను నుండి దాని తొలి యాత్ర బహ్రేనుకు సాగినది. అయితే ఇంధనవ్యయము మెండు. నేలపై పిడుగువలె వినబడు మ్రోత వలన పెక్కుదేశములు తమ భూభాగముపై ఆ వేగమును నిషేధించినవి. 2000లో పారిస్ చెంత ఘోరప్రమాదము జరిగినది. 2003లో ఆ విమానములు సేవనుండి విరమించినవి.

ఇక మన తెలుగునేల మాట. రాకెట్టు తన ఇంధనమును మండించు ప్రాణవాయువును తానే మోసికొనిపోవును. స్క్రాంజెట్టు యంత్రము దానిని ఎదురుగాలినుండియే గ్రహించును. ధ్వనిని మించి దూసికొనివచ్చు గాలిలో మంటను నిలుపుట, గండిలో పెనుగాలికి దీపము నిలుపుట వంటిది. 2016 ఆగస్టు 28న శ్రీహరికోటనుండి ఎగసిన రాకెట్టులో ఆ మంట 5 సెకనులు నిలిచినది. 2020 సెప్టెంబరు 7న ఒడిషా తీరమున రక్షణ పరిశోధకుల వాహనములో 20 సెకనులు మించినది. 2025 ఏప్రిల్ 25న హైదరాబాదులో నేలపైనే జరిగిన పరీక్షలో 1,000 సెకనులు దాటినది. అయితే ఇవన్నియు ఉపగ్రహ వాహనములకును, క్షిపణులకును ఉద్దేశించినవి, ప్రయాణికులకు కావు.

ప్రయాణికుల విమానమునకు ఒక్కసారి మండిన చాలదు. ఆ వేగమున ముక్కుభాగపు వేడి వేయి డిగ్రీలు మించును. ఆ తాపమును ఓర్చి వేలసార్లు ఎగిరి క్షేమముగ దిగవలెను. టికెట్టు ధర సామాన్యునకు అందవలెను.

ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములనుండి కువైటుకు పోయి కష్టించువా రెందరో కలరు. ఆకాశమున అరగంటలో కువైటు చేరగలిగినను, ఇల్లు విడిచి బెంగుళూరు విమానాశ్రయము చేరుటకే ఒక పూట గడచును. కనుక అతివేగ విమానము అసాధ్యమని మేమనము. సమీపకాలమున మన కుటుంబములకు అందుననియు చెప్పజాలము. పండుగకు ఇల్లు చేరగోరు కుమారునకు ధ్వనిని మించు వేగముకన్న, సెలవును, భరింపదగిన టికెట్టును, దగ్గరి విమానాశ్రయమును ముందు కావలెను.