చదరంగంలో వయసు లెక్క

చదరంగంలో వయసు నిబంధన పెట్టింది పిల్లల్ని ఆపడానికి కాదండీ, పెద్దల్ని ఆపడానికి. 1951లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన ప్రపంచ జూనియర్ పోటీకి 20 ఏళ్ళ లోపువాళ్ళే అర్హులు. మరీ చిన్నవాళ్ళొస్తే వద్దనే రూలు లేదు. అందుకే మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2001లో, 14 ఏళ్ళకే ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ కొట్టింది.

బానే ఉంది. కానీ వయసుకి ఋజువేది? బర్త్ సర్టిఫికెట్. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. అరకు కొండల్లో ఇంట్లోనే పుట్టిన పిల్లకి ఏడాది దాటినా నమోదు కాకపోతే, ఇక మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. పూట కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేదెవరు? ఎత్తులెన్ని తెలిసినా ఆ పిల్ల బల్లదాకా రాకుండానే ఓడిపోతుంది.

వయసు గీత న్యాయమైనదే. ఆ కాగితం కొండెక్కి గూడేనికి చేరేదాకా మాత్రం అది సగం న్యాయమే.