పనివేళ గ్రంథపఠనము

“తీరిక లేదు” అను మాట మన యిండ్లలో గ్రంథముల తలుపునకు వేసిన గడియ వంటిది. దీనికి పెద్దలు చెప్పు విరుగుడు ఒక్కటే: తెల్లవారుజామున లేచినచో కాలము దొరకునని. ఈ యుపదేశము తన కాలము తన చేతిలో నున్నవానికి చెల్లును. కాలమును కూలి కమ్ముకొన్నవారికిని, ఇంటిల్లిపాది యాకలి తీర్చుటకే దినమంతయు వెచ్చించువారికిని చెల్లదు. అట్టివారు చదువునకు కాలము నెట్లు కల్పించుకొనిరో తెలుపు చరిత్ర యొకటి క్యూబా దీవిలో గలదు.

ఆ దీవికి రాజధానియైన హవానా నగరము చుట్టలకు లోకప్రసిద్ధము. గోదావరి లంకల పొగాకు నెరిగిన మనకు ఆ పరిశ్రమ క్రొత్త గాదు. అచటి కర్మాగారములలో యంత్రముల రొద యుండెడిది కాదు. పనివారు బల్లల ముందు వరుసగా గూర్చుండి, ఆకు పరచి, చిన్నకత్తితో నంచులు గోసి, చుట్టలు చుట్టుచుండెడివారు. చేతులకును కన్నులకును విరామము లేదు. చెవులు మాత్రము ఖాళీగా నుండెడివి. చుట్టల లెక్కను బట్టి కూలి ముట్టుచుండుటచే, గడియసేపు పుస్తకము పట్టినవాడు ఆ గడియ కూలిని పోగొట్టుకొనవలసినదే. పైగా వారిలో అక్షరజ్ఞానము లేనివారు పెక్కురు.

1865 లో సతుర్నీనో మార్తీనెస్ అను చుట్టల పనివాడు ‘లా ఔరోరా’ యను వారపత్రికను స్థాపించెను. ఆ యేటి తుదిని ఎల్ ఫీగరో అను కర్మాగారమున, పని జరుగుచుండగనే బిగ్గరగా గ్రంథము చదువు నాచారము మొదలయ్యెను. పనివారిలో నొకడు చదువును. తక్కినవారు చుట్టలు చుట్టుచు విందురు. చదువరి కోల్పోయిన కూలిని వినువారు తలకింత చొప్పున వేసికొని పూరింతురు. విషయమంతయు ఈ చిన్న యేర్పాటులోనే యున్నది. యజమాని పనిగంటలను తగ్గింపలేదు. పనివారిలో నెవ్వనికిని అదనపు తీరిక కలుగలేదు. అయినను ఒక్కని శ్రమను పదిమంది పంచుకొనుటచే అందరికిని చదువు లభించెను.

1866 లో పర్తాగాస్ కర్మాగారమునను, తరువాత మరికొన్నింటను ఈ యాచారము వ్యాపించెను. దాని శక్తిని ముందుగా గుర్తించినవారు పాలకులు. ఆ యేటి మే నెలలోనే స్పానిష్ ప్రభుత్వ ప్రతినిధి కర్మాగారములలో పుస్తకములను, పత్రికలను చదువరాదని శాసించెను. 1868 లో స్వాతంత్ర్యయుద్ధ మారంభమైన పిమ్మట నిర్బంధము హెచ్చెను. 1878 లో సంధి కుదిరిన తరువాత పఠనము మరల తలయెత్తెను. విన్నవాడు ఆలోచించును, ఆలోచించినవాడు ప్రశ్నించునని ప్రభువు లెరుగుదురు. చదువు వట్టి కాలక్షేపమైనచో దానిని నిషేధించుటకు శాసన మెందులకు?

క్రమముగా చదువుట యొక వృత్తియయ్యెను. చదువరిని పనివారే యెన్నుకొని జీతమిచ్చుచుండిరి. ఎత్తైన పీఠముపై గూర్చుండి యాతడు వార్తాపత్రికలను, పిదప నవలలను చదువుచుండెను. ఏ గ్రంథము చదువవలెనో వినువారే నిర్ణయింతురు. విక్టర్ హ్యూగో, జోలా, డ్యూమా, సెర్వాంటెస్ వంటివారి గ్రంథములు ఇట్లు నిరక్షరాస్యులకును పరిచితము లయ్యెను. ఘట్టము మనసున కెక్కినప్పుడు పనివారు చప్పట్లకు బదులుగా తమ కత్తులను బల్లపై తట్టెడివారు. డ్యూమా నవలయగు ‘మాంటిక్రిస్టో ప్రభువు’ వారికి మిక్కిలి ప్రియమైనది. 1935 లో వెలువడిన యొక చుట్టల రకమునకు ‘మాంటిక్రిస్టో’ యను పేరు నిలిచినది.

క్యూబా పనివారు వలసపోయి అమెరికాలోని టాంపా పట్టణమునను ఈ యాచారమును నాటిరి. 1931 లో అచటి యజమానులు చదువరులను తొలగింపగా పనివారు సమ్మె కట్టిరి. కాని వారి కోరిక నెరవేరలేదు; చదువరి స్థానమును రేడియో యాక్రమించెను. రేడియో మ్రోగుట మానలేదు గాని, ఏది వినవలెనో నిర్ణయించు నధికారము పనివారి చేతి నుండి జారిపోయెను. క్యూబాలో మాత్ర మాచారము నిలిచినది. 2012 లో ఆ దేశము దీనిని జాతీయ సాంస్కృతిక వారసత్వముగా ప్రకటించెను.

ఇది మనకు బొత్తిగా పరాయిది గాదు. మన ముత్తవ్వలు వత్తులు చేసికొనుచు పురాణము వినిరి. చేతికి పని, చెవికి గ్రంథము అను సూత్రము వారెరిగినదే. కాని ఏది వినవలెనో వారు నిర్ణయింపలేదు. పౌరాణికుని పీఠముపై వారెన్నడును గూర్చుండలేదు. నేడు నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో ఇండ్లయందు వేయింటికింత కూలికి బీడీలు చుట్టు స్త్రీలున్నారు. హవానా పనివారి వలెనే వారికిని నిమిషమనగా కూలియే. తెల్లవారుజామున లెండని వారికి చెప్పుట పరిహాసము.

కూలి లేని పని చేయు గృహిణి సంగతియు నింతే. ఉదయమున ఇంటి యజమాని పత్రికను మౌనముగా చదువుకొనును. పది యడుగుల దూరమున భార్య కూరలు తరుగుచుండును. ఆ పత్రికయే బిగ్గరగా చదివినచో ఇద్దరికిని చదువగును. ఖర్చు కొంచెము గొంతు మాత్రమే. అయితే హవానా వారి ఏర్పాటులో రెండవ సగము మరువరాదు: చదువరి పనిని వినువారు పూరింపవలెను. ఆమె చదువు నాడు కత్తిపీట ఆయన ముందుండవలెను. కొడుకు నీళ్లు తోడవలెను. ఏ గ్రంథమనునది ఆమె చెప్పవలెను. ఇంతవరకు నంగీకరింపని గృహస్థుడు స్త్రీవిద్యపై చేయు ప్రసంగములు వినుట కింపుగానే యుండును. ఆ ప్రసంగ మగుచున్నంతసేపును అంట్లు మాత్రము ఆమె కొరకే వేచియుండును.