జీరో వన్‌కు చరమగీతం

ఇంగ్లండులో కెంట్ తీరాన ఉంది మార్గేట్. బొమ్మ రైళ్లంటే ప్రాణం పెట్టే బ్రిటిష్ వాళ్లకి ఆ పేరు వింటే సముద్రం కన్నా ముందు హార్న్‌బీ ఫ్యాక్టరీ గుర్తొచ్చేది. 1979లో ఆ కంపెనీ జీరో వన్ అనే కంట్రోలర్ తెచ్చింది. అంతవరకూ పట్టాల్లో పారే 12 వోల్టుల కరెంటే రైలుకి పగ్గం. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదిలేవి. విడివిడిగా నడపాలంటే లైనును ముక్కలు చేసి, ముక్కకో స్విచ్చి పెట్టుకోవాల్సిందే.

జీరో వన్ ఆ బెడద తీర్చింది. పెట్టె మీద కాలిక్యులేటర్ మీద ఉన్నట్టు అంకెల బటన్లు, వేగానికి జరిపే మీట. నంబరు నొక్కితే ఆ ఇంజనే కదిలేది. 16 ఇంజన్లు, దారి మళ్లించే పాయింట్లూ సిగ్నళ్లూ కలిపి 99 ఒక్క పెట్టె చెప్పినట్టు వినేవి. లోపల ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 1000, నాలుగు బిట్ల చిప్పు. ఇళ్లలో కంప్యూటరన్నదే అరుదైన రోజుల్లో బొమ్మ రైలుకి దాని బుర్ర అమర్చడం సామాన్యమా!

పుట్టిన వేళే మంచిది కాదు. 1980లో మాతృసంస్థ డన్‌బీ-కాంబెక్స్-మార్క్స్ దివాలా తీసింది. మరుసటేడు మేనేజర్లే ముందుకొచ్చి హార్న్‌బీని కొనుక్కున్నారు. పోటీగా ఎంటీసీ అనే పద్ధతి తెచ్చిన ఎయిర్‌ఫిక్స్ గతి ఇంకా అధ్వానం, 1981 జనవరిలో కుప్పకూలింది. ఇంజన్లో పెట్టే ఎంటీసీ మాడ్యూళ్లు జీరో వన్‌కి పనికిరావు, జీరో వన్‌వి ఎంటీసీకి పనికిరావు.

ఈ ఒంటెత్తు పోకడే జీరో వన్ కొంపా ముంచింది. దాని పట్టాల్లో పారేది మెయిన్స్ లాగా అటూ ఇటూ మారే కరెంటు. ఇంజన్లోని మాడ్యూల్ తన నంబరు అందగానే ఒక దిక్కు పల్సులను మాత్రమే మోటారుకి వదులుతుంది. ఇటువి వదిలితే ముందుకి, అటువి వదిలితే వెనక్కి. మాడ్యూల్ లేని ఇంజను పొరపాటున ఆ పట్టాలెక్కిందా, కదలదు. గుయ్యిమంటూ వేడెక్కి, చూసుకోకపోతే మోటారు కాలిపోతుంది. స్నేహితుడి ఇంజను తెచ్చి సరదాగా ఓ చుట్టు తిప్పే యోగం లేదన్నమాట. పట్టాల మీద మురికి పేరుకుంటే సందేశం తెగేది. చిన్న ఇంజన్లలో ఆ మాడ్యూల్ పట్టించడమే గగనం. ఇవన్నీ ఓర్చుకున్నవాళ్లు ఉన్నారు. కానీ పద్ధతి హార్న్‌బీ గడప దాటి పెద్దగా పోలేదు, 1980లు ముగిసేలోపే దుకాణాల్లో కనుమరుగైంది.

మరోపక్క జర్మనీలో గీసెన్‌లోని లెంజ్ సంస్థ మార్క్‌లిన్, ఆర్నాల్డ్ కంపెనీల కోసం మరో పద్ధతి తయారుచేసింది. దాన్ని ఆధారంగా తీసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల మధ్యలో డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ప్రమాణాలు ఖరారు చేసింది. ఇవాళ ఇంజన్లోని ఒక కంపెనీ డీకోడర్ మరో కంపెనీ కంట్రోలర్ మాట వింటోందంటే ఆ పుణ్యమే. అయితే ఆ సఖ్యత పట్టాల వరకే సుమా. చేతి కంట్రోలర్లను కలిపే తీగల దగ్గర ఎవరి గోల వారిదే. డిజిట్రాక్స్ కంపెనీది లోకోనెట్, లెంజ్‌ది ఎక్స్‌ప్రెస్‌నెట్. ఆరు పిన్నుల ప్లగ్గు చూడ్డానికి ఒకటే, దూరుతుంది కూడా, పని మాత్రం చేయదు.

చివరికి హార్న్‌బీ కూడా డీసీసీకే వచ్చింది. దాని ఎలైట్ కంట్రోలర్‌లో ఉన్నది లెంజ్ వారి ఎక్స్‌ప్రెస్‌నెట్టే. ఇక లెంజ్ పద్ధతిని ముందుగా ఎత్తుకున్న ఆర్నాల్డ్? చితికిపోయి, రివరోస్సీ అనే కంపెనీ చేతుల్లోకి వెళ్లి, అదీ మునిగాక 2004లో హార్న్‌బీ పాలబడింది. ఓడినవాడి ఇంటికే గెలిచినవాడు చేరాడు. ఇందులో న్యాయం వెతక్కూడదు.

విదేశాల్లోని చుట్టాలెవరైనా పాత హార్న్‌బీ ఇంజను పంపితే, డీసీసీ పట్టాలెక్కించే ముందు పైభాగం విప్పి చూడండి. జీరో వన్ మాడ్యూల్ కనిపిస్తే తీసేయండి. ఆ కాలపు మోటార్లలో ఒక బ్రష్షు చాసిస్‌కి కలిసి ఉండొచ్చు. దాన్ని విడదీశాకే కొత్త డీకోడర్ పెట్టించండి.