తేలికపాటి లినక్స్

తేలికపాటి లినక్స్ అనేది తక్కువ మెమరీ, తక్కువ వేగం గల ప్రాసెసరు ఉన్న పాత కంప్యూటర్లపై కూడా సాఫీగా నడిచేటట్లు కూర్చిన లినక్స్ పంపిణీలకు వాడుకలో ఉన్న పేరు. ఇది ఏదో ఒక సాఫ్టువేరు పేరు కాదు. పప్పీ లినక్స్, టైనీ కోర్, యాంటీఎక్స్, లుబుంటు మొదలైన అనేక పంపిణీలు ఈ కోవలోకి వస్తాయి. ఇవన్నీ ఉచితంగా లభిస్తాయి. ఇతరులకు నకలు ఇచ్చుకోవడానికి, అవసరాన్ని బట్టి మార్చుకోవడానికి వీటి లైసెన్సులు అనుమతిస్తాయి. పని చేస్తున్న కంప్యూటరును కేవలం సాఫ్టువేరు పాతబడిన కారణంగా పారవేయవలసిన అగత్యం లేకుండా చేయడం వీటి ప్రధాన ప్రయోజనం.

నేపథ్యం

కంప్యూటరు పాతబడటం రెండు విధాలు. మొదటిది భాగాలు అరిగిపోవడం లేదా చెడిపోవడం. రెండవది యంత్రం బాగానే ఉన్నా, దానిపై నడిచే సాఫ్టువేరుకు తయారీదారు మద్దతు ఆపివేయడం. ఇళ్ళలోను, చిన్న పాఠశాలల్లోను మూలపడిన కంప్యూటర్లలో అనేకం రెండవ రకానివే.

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. మద్దతు ముగిసిన తరువాత కూడా కంప్యూటరు పని చేస్తుంది. కాని కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు సవరణలు అందవు. 2021లో విడుదలైన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, నిర్దేశించిన జాబితాలోని ప్రాసెసరు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరానికి ముందువి దాదాపుగా ఈ జాబితాలో లేవు. కాబట్టి 2016లో కొన్న మంచి కంప్యూటరు కూడా అధికారికంగా ఈ మార్పుకు నోచుకోదు. ఇటువంటి యంత్రాల యజమానులకు ఉన్న దారులలో తేలికపాటి లినక్స్ ఒకటి.

తేలికదనానికి కారణాలు

లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ అన్ని పంపిణీలలోను ఉంటుంది. పెద్ద పంపిణీకి, చిన్న పంపిణీకి మధ్య తేడా ప్రధానంగా కెర్నెల్ చుట్టూ అమర్చిన వాటిలో కనిపిస్తుంది.

మొదటిది డెస్క్‌టాప్ పరిసరం. తెరపై కనిపించే కిటికీలు, మెనూలు, పట్టీలు, వాటి వెనుక నడిచే కార్యక్రమాలు అన్నీ కలిపి డెస్క్‌టాప్ పరిసరం అవుతుంది. గ్నోమ్ వంటి పూర్తిస్థాయి పరిసరం ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడే గణనీయమైన మెమరీని ఆక్రమిస్తుంది. 1996లో ఒలివియే ఫోర్డాన్ ప్రారంభించిన ఎక్స్ఎఫ్‌సీఈ, 2006లో తైవాన్‌కు చెందిన హాంగ్ జెన్ యీ ప్రారంభించిన ఎల్ఎక్స్‌డీఈ, దాని తరువాత వచ్చిన ఎల్ఎక్స్‌క్యూటీ ఇంతకంటే పొదుపైనవి. ఐస్‌డబ్ల్యూఎం, జేడబ్ల్యూఎం వంటి విండో మేనేజర్లు మరింత తేలికైనవి.

రెండవది నేపథ్యంలో నడిచే సేవలు. ఫైళ్ళను ముందుగా వెతికి సూచిక తయారుచేసేవి, తాజాకరణల కోసం తరచూ ఆరా తీసేవి తేలికపాటి పంపిణీలలో తక్కువగా ఉంటాయి.

మూడవది మెమరీ వాడకం. పప్పీ వంటి పంపిణీలు చాలినంత ర్యామ్ ఉన్నచోట పూర్తిగా అందులోకే చేరి నడుస్తాయి. హార్డు డిస్కును తాకే అవసరం తగ్గడం వలన వేగం పెరుగుతుంది. 2014లో కెర్నెల్ ప్రధాన భాగంలో చేరిన జడ్‌ర్యామ్ అనే ఏర్పాటు మెమరీలోని సమాచారాన్ని కుదించి అక్కడే భద్రపరుస్తుంది. దీనివలన తక్కువ ర్యామ్‌లోనే మరికొంత పని జరుగుతుంది.

ముఖ్యమైన పంపిణీలు

డామ్ స్మాల్ లినక్స్: పూర్తి డెస్క్‌టాప్‌ను 50 మెగాబైట్లలో అమర్చి 2000వ దశకంలో పేరు పొందింది. చాలాకాలం నిలిచిపోయి 2024లో తిరిగి వెలువడినప్పుడు దాని లక్ష్యం 700 మెగాబైట్లకు, అనగా ఒక సీడీ పరిమాణానికి, పెరిగింది.

పప్పీ లినక్స్: ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో ప్రారంభించాడు. హార్డు డిస్కు చెడిపోయిన కంప్యూటరుపై కూడా పెన్‌డ్రైవు నుండి నడుస్తుంది.

టైనీ కోర్: రాబర్ట్ షింగిల్‌డెకర్ 2008లో ప్రారంభించాడు. ప్రధాన భాగం మాత్రమే మొదట వస్తుంది. కావలసిన కార్యక్రమాలను వాడుకరి ఒక్కొక్కటిగా చేర్చుకోవాలి. కొత్తవారికి ఇది కొంత కష్టం.

యాంటీఎక్స్: డెబియన్ ఆధారంగా తయారైనది. పాత యంత్రాలపై రోజువారీ పనికి అనువైనది. దీనికి సంబంధించిన సముదాయం సహకారంతోనే ఎంఎక్స్ లినక్స్ రూపొందింది.

లుబుంటు: ఉబుంటు కుటుంబంలోనిది. 2018 అక్టోబరు విడుదల నుండి ఎల్ఎక్స్‌డీఈ స్థానంలో ఎల్ఎక్స్‌క్యూటీని వాడుతున్నది.

ఎంపిక ప్రధానంగా ర్యామ్‌పై ఆధారపడుతుంది. స్థూలంగా ఈ క్రింది విధంగా చెప్పవచ్చు:

* 512 మెగాబైట్లలోపు: టైనీ కోర్, పప్పీ పాత విడుదలలు. టైపు చేయడం, పాఠాలు చదవడం వరకు సరిపోతాయి. నేటి వెబ్‌సైట్లను చూడటం దాదాపు అసాధ్యం.
* 1 గిగాబైటు: యాంటీఎక్స్, పప్పీ. బ్రౌజరులో ఒకటి రెండు పుటలు మాత్రమే తెరుచుకోవాలి.
* 2 గిగాబైట్లు: ఎల్ఎక్స్‌డీఈ లేదా ఎల్ఎక్స్‌క్యూటీ గల డెబియన్.
* 4 గిగాబైట్లు: లుబుంటు, ఎక్స్ఎఫ్‌సీఈ గల లినక్స్ మింట్. సాధారణ గృహావసరాలన్నీ తీరుతాయి.

32 బిట్ల సమస్య

పాత కంప్యూటరు విషయంలో మొదట తెలుసుకోవలసినది దాని ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా అన్నది. 2003లో వచ్చిన ఏఎండీ ఆథ్లాన్ 64, 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డ్యుయో 64 బిట్లవి. 2008లో చిన్న ల్యాప్‌టాప్‌లలో విరివిగా వాడిన ఆటమ్ ఎన్270 మాత్రం 32 బిట్లది. కనుక తయారైన సంవత్సరాన్ని మాత్రమే చూసి నిర్ణయించరాదు.

32 బిట్ల యంత్రాలకు ఉన్న దారులు క్రమంగా మూసుకుపోతున్నాయి. ఉబుంటు 2017లో 32 బిట్ల డెస్క్‌టాప్ ప్రతులను ఆపివేసింది. లుబుంటు 2019లో అదే బాట పట్టింది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో 32 బిట్ల పీసీలకు స్థాపకం గాని, కెర్నెల్ గాని లేవు. లినక్స్‌పై క్రోమ్ బ్రౌజరు 2016లోనే 32 బిట్లకు మద్దతు మానుకోగా, ఫైర్‌ఫాక్స్ 2025లో 144వ విడుదలతో ముగించింది. 2023 నాటి డెబియన్ 12, దానిపై ఆధారపడిన యాంటీఎక్స్ 23లకు 32 బిట్ల ప్రతులు ఉన్నాయి. 64 బిట్ల కోర్ 2 డ్యుయో యంత్రానికి ఈ ఇబ్బంది లేదు.

ఇంకా వెనుకటి పెంటియం 3, ఆథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసర్లలో ఎస్ఎస్ఈ2 అనే ఆదేశాల సముదాయం లేదు. 2017 నుండి ఫైర్‌ఫాక్స్‌కు ఇది తప్పనిసరి అయినందున, ఈ యంత్రాలను అంతర్జాలానికి కాక రాతకోతలకు, పాత ఆటలకు మాత్రమే ఉపయోగించడం మేలు.

యంత్రాన్ని సిద్ధపరచుట

లినక్స్ స్థాపించే ముందు చేసే చిన్నపాటి మరమ్మత్తులు వేగాన్ని ఎంతో పెంచుతాయి. వీటిలో అత్యధిక ఫలితం ఇచ్చేది హార్డు డిస్కు బదులు ఎస్ఎస్‌డీ అమర్చడం. తిరిగే పళ్ళెం గల హార్డు డిస్కు ఒక సమాచారాన్ని వెతికి అందించడానికి సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఎస్ఎస్‌డీకి అందులో వందో వంతు కూడా పట్టదు. సాటా సంధానం గల ఏ కంప్యూటరులోనైనా దీనిని అమర్చవచ్చు. తరువాతి స్థానం ర్యామ్‌ది. డీడీఆర్2, డీడీఆర్3 ర్యామ్ పలకల గంట్లు వేరువేరు చోట్ల ఉంటాయి. ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు కనుక పాత పలకను వెంట తీసుకువెళ్ళి కొనడం మంచిది.

మదర్‌బోర్డుపై ఉండే సీఆర్2032 బిళ్ళ బ్యాటరీని చాలామంది పట్టించుకోరు. అది నిండుకుంటే కంప్యూటరు ఆపిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉన్నప్పుడు వెబ్‌సైట్ల భద్రతా పత్రాలను బ్రౌజరు తిరస్కరిస్తుంది. అంతర్జాలం పని చేయడం లేదని భ్రమ కలుగుతుంది. ఈ లోపాన్ని సరిచేయడానికి బ్యాటరీ మార్చి, తేదీ సరిదిద్దితే చాలు.

హైదరాబాదు జంటనగరాలలో పాత కంప్యూటర్ల విడిభాగాలకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, దాని పరిసరాలు పేరుపొందిన బజారు. తిరుమలగిరి, బోయినపల్లి వంటి కంటోన్మెంటు ప్రాంతాల వారికి ఇది చేరువలోనే ఉంది.

స్థాపన

మొదట కంప్యూటరులోని ఫైళ్ళన్నిటినీ వేరొక చోట భద్రపరచాలి. స్థాపనలో డిస్కును చెరిపే అవకాశం ఉంది. తరువాత పంపిణీ ప్రతిని దించుకుని పెన్‌డ్రైవుపైకి ఎక్కించాలి. దాదాపు అన్ని తేలికపాటి పంపిణీలు లైవ్ పద్ధతిలో, అనగా డిస్కును తాకకుండా పెన్‌డ్రైవు నుండే, నడుస్తాయి. ఈ దశలోనే వైఫై, ధ్వని, తెర, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. సంతృప్తి కలిగిన తరువాతే స్థాపనకు పూనుకోవాలి. కొన్ని పాత మదర్‌బోర్డులు పెన్‌డ్రైవు నుండి మొదలుకావు. వాటికి సీడీ లేదా డీవీడీ వాడాలి.

తెలుగు వాడకం

తెలుగు అక్షరాలలో గుణింతాలు, ఒత్తులు కలిసి ఒకే రూపం దాలుస్తాయి. వీటిని సరిగా చూపడానికి ఫాంటుతోపాటు అక్షరాలను కూర్చే సాఫ్టువేరు కూడా కావాలి. లినక్స్‌లో ఈ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. అతి చిన్న పంపిణీలలో తెలుగు ఫాంట్లు ఉండకపోవచ్చు. అప్పుడు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, రెడ్ హ్యాట్ వారి లోహిత్ తెలుగు, గూగుల్ వారి నోటో ఫాంట్లలో ఏదైనా ఒకదానిని చేర్చుకుంటే ఈ ఇబ్బంది తొలగుతుంది. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అమరికను ఎంచుకోవచ్చు. ఆర్టీఎస్ పద్ధతికి అలవాటుపడినవారు ఐబస్ ద్వారా దానిని వాడుకోవచ్చు.

అను ఫాంట్లతో కూర్చిన డీటీపీ ఫైళ్ళు యూనికోడ్‌లో లేనందున లినక్స్‌లో నేరుగా పనికిరావు. ముద్రణ రంగంలో ఉన్నవారు ఈ విషయాన్ని ముందే ఆలోచించుకోవాలి.

విద్యారంగంలో

తెలుగు నాట స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రచారంలో స్వేచ్ఛ సంస్థ కృషి చెప్పుకోదగినది. హైదరాబాదు కేంద్రంగా గల ఈ సంస్థ 2005లో స్వేచ్ఛ పేరుతో తెలుగు లినక్స్ పంపిణీని విడుదల చేసింది. బాల స్వేచ్ఛ పేరుతో పాఠశాల విద్యార్థులకు పనికివచ్చే స్వేచ్ఛా ఉపకరణాలను ఒకచోట చేర్చింది. సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌లో కూడా తెలుగు ఉంది. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ప్రభుత్వ పాఠశాలలకు లినక్స్‌ను విస్తృతంగా అందించింది. 2017లో ఆ పథకం కైట్ అనే సంస్థగా మారింది.

పాఠశాలలకు అనువైన మరొక పద్ధతి ఎల్టీఎస్పీ. 1999లో మొదలైన ఈ పథకం ప్రకారం గదిలో ఒక శక్తివంతమైన కంప్యూటరు ఉంటే, దానినుండి మిగిలిన పాత యంత్రాలన్నీ నెట్‌వర్కు ద్వారా మొదలవుతాయి. వాటికి హార్డు డిస్కు కూడా అవసరం లేదు. సాఫ్టువేరును ఒక్కచోట సరిదిద్దితే గది అంతటికీ వర్తిస్తుంది.

పరిమితులు

తేలికపాటి లినక్స్ పాత యంత్రాన్ని కొత్తదిగా మార్చదు. నిర్వహణ వ్యవస్థ ఎంత తేలికైనదైనా, నేటి వెబ్‌సైట్లు బరువెక్కాయి. 200 మెగాబైట్లతో నడిచే డెస్క్‌టాప్‌పై బ్రౌజరు తెరవగానే మెమరీ నిండిపోవడం సాధారణం. కొత్త పద్ధతులలో కుదించిన వీడియోలను చూపడానికి పాత గ్రాఫిక్స్ చిప్పులు సహకరించవు. ఆ భారమంతా ప్రాసెసరుపై పడి బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఆన్‌లైను తరగతుల కోసం కంప్యూటరు తీసుకునే విద్యార్థులు ఈ సంగతిని గమనించాలి.

విద్యుత్తు ఖర్చు మరొక అంశం. పెంటియం 4 చివరి నమూనాలలో కొన్నిటికి ప్రాసెసరు ఒక్కటే 115 వాట్ల వరకు వేడిని వెలువరించేది. రోజంతా నడపవలసిన పనికి అటువంటి యంత్రం కంటే కొన్ని వాట్లతో నడిచే రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు పొదుపు కావచ్చు. కోర్ 2 డ్యుయో, ఆ తరువాతి ల్యాప్‌టాప్‌ల విషయంలో ఈ అభ్యంతరం చాలావరకు వర్తించదు.

బాగుచేయడానికి వీలులేని కంప్యూటరును చెత్తకుండీలో వేయరాదు. పాత సీఆర్‌టీ మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, ఇటువంటి వాటిని నమోదైన పునర్వినియోగ సంస్థలకు చేర్చవలసి ఉంటుంది. ఒక కంప్యూటరు తయారీకి అయ్యే ఖనిజాలు, నీరు, ఇంధనం తిరిగి రావు. అందువలన పనికివచ్చే యంత్రాన్ని మరికొన్ని సంవత్సరాలు వాడుకోవడం వ్యర్థాలను తగ్గించే తొలి మార్గం. పునర్వినియోగానికి పంపడం ఆ తరువాతిది.